వీడియోను మధ్యలో ఆపి మాట్లాడేవారు కావాలి

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలో, ఒకే రైలు మార్గంలో ఉన్న పట్టణాలు. బతుకుతెరువులు మాత్రం వేరు. ధర్మవరంలో పట్టుచీరల మగ్గాలు, హిందూపురం చుట్టూ మల్బరీ తోటలు, పెనుకొండ పల్లెల్లో వేరుశనగ చేలు. ఈ ప్రాంతంలో పొదుపు సంఘాలు, రైతు సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు పనిచేస్తున్నాయి. ఒకప్పుడు వీడియో కావాలంటే కెమెరామన్‌ను పిలిపించాలి. ఇప్పుడు కార్యకర్త జేబులో ఫోన్ ఉంటే చాలు. అందుకే ఎలా తీయాలన్నదానికంటే ఎవరి కోసం తీయాలన్నది ముందు తేల్చుకోవాలి.

సంస్థలు తీసే వీడియోలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది బయటివారి కోసం. సంస్థ ఏం చేసిందో దాతలకు, అధికారులకు చూపిస్తుంది. రెండోది సభ్యుల కోసం. ఒకరు నేర్చుకున్న పనిని మరొకరికి చేరవేస్తుంది. ఒకే వీడియో రెండు పనులూ చేయలేదు. దాతకు సభ, సన్మానం, ఫలితం చూపిస్తే సరిపోతుంది. రైతుకు చేతులు ఎలా కదిలాయో కనపడాలి.

రెండో రకం ఎంతవరకు పనిచేస్తుందో పొరుగున కర్ణాటకలో పరీక్షించి చూశారు. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో మొదలైన ‘డిజిటల్ గ్రీన్’ ప్రయోగం అది. తర్వాత అదే పేరుతో స్వచ్ఛంద సంస్థ అయింది. కొన్ని ఊళ్ల రైతులను చిత్రీకరించి, ఆ ఊళ్లలోనే ప్రదర్శించారు. 16 గ్రామాల్లో జరిపిన పరిశీలన ఫలితాలను 2009లో ప్రచురించారు. కార్యకర్త నోటిమాటగా చెప్పే పద్ధతితో పోలిస్తే, కొన్ని సాగు పద్ధతులను ఆచరించినవారు సుమారు ఏడు రెట్లు పెరిగారు. పెట్టిన ఖర్చుకు ఫలితం పది రెట్లు మెరుగ్గా ఉందని అంచనా వేశారు.

ఇది వీడియో ఒక్కటే సాధించింది కాదు. ప్రదర్శన దగ్గర స్థానికంగా శిక్షణ పొందిన ఒకరు ఉండేవారు. మధ్యలో ఆపి ప్రశ్నలు అడిగేవారు, సందేహాలు వినేవారు. ఎవరు వచ్చారో, తర్వాత ఎవరు ఆ పని చేసి చూశారో రాసుకునేవారు. తెరమీద కనపడేది తమలాంటి రైతే కాబట్టి నమ్మకం కుదిరేది. అంటే వీడియో కార్యకర్త స్థానంలోకి రాలేదు, ఆ మనిషి మాటకు బలమిచ్చింది.

హిందూపురం వైపు పట్టు రైతునే తీసుకుందాం. పట్టుపురుగు పెరిగే దశలో పలుమార్లు పొర విడుస్తుంది. దీన్ని రైతులు ‘జ్వరం’ అంటారు. అప్పుడు ఆకు ఆపాలి, పడకను పొడిగా ఉంచాలి. దాదాపు అన్ని పురుగులూ జ్వరం నుంచి లేచాకే మళ్లీ ఆకు వేయాలి. కరపత్రంలో ఇది ఒక్క వాక్యం. కానీ జ్వరంలో ఉన్న పురుగు తల ఎత్తి ఎలా కదలకుండా ఉంటుందో దగ్గరగా చూపిస్తే గుర్తుపట్టడం తేలిక. ఒక వీడియోకు ఇలాంటి ఒక్క విషయం చాలు. ఎనిమిది, పది నిమిషాలు దాటనక్కర్లేదు.

ధర్మవరంలో ఇబ్బంది శబ్దంతో వస్తుంది. మగ్గం ఆడుతుండగా నేతగాడు మాట్లాడితే మాట వినపడదు. పని విడిగా తీసి, మగ్గం ఆపాక మాట విడిగా తీయాలి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు. మాట వినపడకపోతే లేచిపోతారు. ఆ మాట కూడా సీమ యాసలోనే ఉండనివ్వాలి.

ఫోన్ పట్టే ఎత్తు కూడా ముఖ్యమే. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు కెమెరా నేర్చుకున్నారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది. ఎదుటివారి కళ్ల ఎత్తులో తీసే చిత్రాన్ని వాళ్లు ‘సంఘం షాట్’ అన్నారు. సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు కాబట్టి ఆ పేరు. నేలమీద కూర్చున్న మనిషిని నిలబడి పైనుంచి తీస్తే ఆ మనిషి చిన్నబోతాడు.

వీడియో తీయకముందే అనుమతి అడగాలి. ఈ వీడియో ఎక్కడ పెడతామో, ఎవరు చూస్తారో చెప్పి అడగాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. అప్పు, జబ్బు, ఇంటి గొడవల గురించి మాట్లాడేవారి ముఖం చూపకపోవడమే మేలు. ఒకసారి ఫోన్లలోకి వెళ్లిన వీడియోను వెనక్కి తేలేం.

పంచుకునే దారినిబట్టి ఫలితం మారుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో కుదించుకుపోతుంది, సన్నని వివరాలు చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే నాణ్యత నిలుస్తుంది గానీ డేటా ఎక్కువ ఖర్చవుతుంది. యూట్యూబ్‌లో ‘అన్‌లిస్టెడ్’ (వెతికితే దొరకదు, లింకు ఉన్నవారే చూడగలరు) పద్ధతిలో పెడితే సంఘం వరకు సరిపోతుంది. అయితే లింకు చేతులు మారితే ఎవరైనా చూడొచ్చు. సిగ్నల్ అందని ఊళ్లకు ముందే డౌన్‌లోడ్ చేసి తీసుకెళ్లాలి.

వెయ్యి వ్యూస్ వచ్చాయంటే వెయ్యిసార్లు వీడియో తెరుచుకుందని మాత్రమే. సంఘం పుస్తకంలో రాయాల్సినవి వేరే ఉన్నాయి: ఎంతమంది కూర్చుని చూశారు, ఏం అడిగారు, నెల తర్వాత ఎవరు చేసి చూశారు. ఎవరూ చేయకపోతే కారణం కనుక్కోవాలి. చెప్పింది అర్థంకాలేదా, చేతిలో డబ్బు లేదా, ఆ పద్ధతి తమ నేలకు పనికిరాదా? అర్థంకాకపోతే మళ్లీ తీయొచ్చు. డబ్బు లేకపోతే అది పొదుపు సంఘం చర్చించాల్సిన విషయం. పద్ధతే పనికిరాకపోతే ఆ వీడియోను పంచడం ఆపాలి.