అక్షరాల నిచ్చెన
మెదడు పనితీరులోని సహజమైన తేడాల వల్ల చదవడం, ధ్యాస నిలపడం, నలుగురితో మెలగడం వంటివి అందరిలా సాగని పిల్లలను నాడీ వైవిధ్యం గలవారంటారు. అక్షరాన్ని ధ్వనితో జతపరచడం కష్టమయ్యే డిస్లెక్సియా, నిలకడ కుదరని ఏడీహెచ్‌డీ, ఆటిజం ఈ కోవలోవే. వీరికి చదువు పట్టుబట్టి నేర్పాలా, ఇష్టం పుట్టినప్పుడు నేర్చుకొమ్మని వదిలేయాలా అన్న వాదానికి తమిళనాడు ప్రభుత్వ బడుల అనుభవంలో కొంత జవాబుంది.

తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో కావేరి ఒడ్డున ఉన్న హొగేనక్కల్ తమిళ, కన్నడ సీమల సరిహద్దు. జిల్లాలో తెలుగు మాట్లాడే కుటుంబాలూ ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు బళ్లో తమిళం చదివేటప్పుడు, మన క, గ రెంటికీ అక్కడున్న ఒకే అక్షరాన్ని పదంలో దాని చోటును బట్టి పలకాలి. తక్కినవారికి వింటూ వింటూ పట్టుబడే ఈ సంగతి, డిస్లెక్సియా ఉన్నవాడికి విడిగా, పదేపదే చెప్తే తప్ప అందదు.

తమిళనాడు 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి, తరవాత కొన్నేళ్లలోనే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ విస్తరించిన కృత్యాధార బోధనకు మూలం మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో రూపొందిన పద్ధతి. అందులో పాఠాలు చిన్న చిన్న కార్డులుగా ఉంటాయి. వాటి వరుసను చూపే పటమే అభ్యసన నిచ్చెన. పిల్లవాడు తానున్న మెట్టును చూసుకొని, కార్డు తెచ్చుకొని, దాని మీది గుర్తును బట్టి ఒంటరిగానో, జట్టుతోనో, టీచరు దగ్గరో కూర్చొని ముగించి, పై మెట్టుకు వెళ్తాడు. వరుస పెద్దలు నిర్ణయించినది, వేగం పిల్లవాడిది. గంట కొట్టగానే పని మార్చుకోలేని ఆటిజం పిల్లలకూ, కదలకుండా కూర్చోలేనివారికీ ఇది పెద్ద వెసులుబాటు.

లోపమూ అక్కడే ఉంది. మాటలా చదువు దానంతటదే అబ్బదు. ఒకే మెట్టు మీద వారాల తరబడి నిలిచిపోయిన పిల్లవాణ్ణి చూసి, వాడి వేగమే అంత అనుకోవడం తేలిక. అది స్వేచ్ఛ పేరిట జరిగే అశ్రద్ధ. అలాంటివాడికి రోజూ కొంతసేపు టీచరు పక్కన కూర్చొని, ధ్వనిని విడదీసి వినిపించి, ఇసుకలో వేలితో దిద్దించి, ఒక గుణింతం కుదిరాకే మరొకటి చేర్చాలి. మిగతా వేళల్లో నది మీద పడవగా వాడే పుట్టి అల్లడమో, చేపల రకాలో, వాడికి నచ్చినదాన్ని విని, చూసి, చేసి తెలుసుకోనివ్వాలి. చదవడం ఆలస్యమైందని తెలివి ఎదగడం ఆగనక్కరలేదు.

నిర్దిష్ట అభ్యసన లోపాలను వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధన అందేలా చూడాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. కనుక మూడో తరగతికి వచ్చినా అక్షరాలు కూడబలుక్కొని చదవలేని బిడ్డ విషయంలో, వాడే నేర్చుకుంటాడులే అని ఊరుకోకుండా, తల్లిదండ్రులు అభ్యసన లోపం ఉందేమో పరీక్ష చేయించమని బడిని అడగాలి.