పాముకు వెచ్చని నేల: థర్మోస్టాట్ చేసే పని

మన ఊళ్ళలో పాము కనబడితే దారి ఇచ్చి తప్పుకొనేవారున్నారు, కర్ర అందుకొనేవారున్నారు, నాగులచవితినాడు పుట్టలో పాలు పోసేవారున్నారు. దానికి గాజుపెట్టె అమర్చి, వెచ్చదనం కల్పించి పెంచడమనేది మనకు వింతగానే తోస్తుంది. అమెరికా, బ్రిటన్ దేశాలలో మాత్రం ఇది చాలామందికి ఉన్న అలవాటు. అక్కడ ఎక్కువగా పెంచే పాములలో ఒకటి ‘కార్న్ స్నేక్’, అనగా మొక్కజొన్న పాము. దీని పుట్టినిల్లు అమెరికా సంయుక్తరాష్ట్రాల ఆగ్నేయభాగం. దీనికి విషం లేదు. ఎలుకలను చుట్టలతో బిగించి చంపి మింగుతుంది. పెరిగిన పాము సాధారణంగా ఒకటి, ఒకటిన్నర మీటర్ల పొడవుంటుంది.

బ్రిటన్‌లో చలికాలపు గదిలో 20 డిగ్రీల సెల్సియస్ ఉన్నదనుకొందాం. కంబళి కప్పుకొన్న మనిషికి ఇది హాయిగానే ఉంటుంది. కాని అదే గదిలో ఉన్న మొక్కజొన్న పాముకు తిన్న ఎలుక సరిగా అరగదు. అందుచేత పెట్టె అడుగున విద్యుత్తుతో వేడెక్కే పలుచని హీట్‌ప్యాడ్‌ను, దానిని అదుపులో ఉంచడానికి థర్మోస్టాట్‌ను అమరుస్తారు. చూపుకు చిన్న ఏర్పాటే అయినా, ఇందులో శరీరధర్మశాస్త్రం, భౌతికశాస్త్రం రెండూ కలిసి పనిచేస్తున్నవి.

వెలుపలి వేడి ఎందుకు?

మన దేహం తిన్న ఆహారంలో చాలా భాగాన్ని ఖర్చుచేసి, బయట చలి ఉన్నా ఎండ ఉన్నా, 37 డిగ్రీల దరిదాపులో నిలిచి ఉంటుంది. పాము అట్లా చేయదు. దాని వేడి పరిసరాలనుంచి రావలసినదే. ఇట్టివాటిని ‘శీతలరక్త జంతువులు’ అనడం వాడుక. ఈ మాట కొంత పొరపాటు అభిప్రాయానికి తావిస్తుంది. ఎండలో పడుకొన్న పాము రక్తం ఇంచుమించు మన రక్తమంత వెచ్చగా ఉండవచ్చును. పాము తన ఉష్ణోగ్రతను కదలికతో సర్దుకొంటుంది. చలివేస్తే ఎండలోకి వస్తుంది, వేడెక్కితే నీడకో కన్నంలోకో పోతుంది. ఎడారి సరీసృపాలు ఈ విధంగా తమ దేహోష్ణోగ్రతను ఇరుకైన హద్దులలో నిలుపుకొంటవని కౌల్స్, బోగర్ట్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు 1944లో వివరంగా చూపించారు.

జీర్ణక్రియ ఎంజైములవల్ల జరిగే రసాయనిక చర్యల వరుస. జీవులలో ఇట్టి చర్యల వేగం, కొన్ని హద్దుల మధ్య, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే సుమారు సగానికో మూడోవంతుకో పడిపోతుంది. పాము ఆహారాన్ని నమలదు, ఎలుకను నిండుగా మింగుతుంది. దేహం చల్లగా ఉంటే జీర్ణరసాలు నెమ్మదిస్తవి గాని, ఎలుక పొట్టలోని బాక్టీరియాలు తమ పని మానవు. అరగక ముందే ఆహారం కుళ్ళుతుంది, పాము దానిని కక్కివేస్తుంది. పదే పదే ఇట్లా జరిగితే పాము చిక్కిపోతుంది, ప్రాణానికే ముప్పు రావచ్చును.

అడవిలో పాముకు ఎండా నీడా రెండూ ఉన్నవి. పెట్టెలో ఉన్నది మనిషి ఇచ్చినది మాత్రమే. కనుక పెట్టె ఒక కొనను 29–31 డిగ్రీలుగాను, రెండవ కొనను 22–24 డిగ్రీలుగాను ఉంచి, రెండు చోట్లా దాగుకొనడానికి చాటు కల్పించవలెను. ఏది ఎప్పుడు కావలెనో పామే ఎంచుకొంటుంది.

హీట్‌ప్యాడ్‌కు హద్దు తెలియదు

హీట్‌ప్యాడ్ అంటే రెండు ప్లాస్టిక్ పొరల మధ్య అమర్చిన నిరోధపు పట్టీలు. విద్యుత్ ప్రవాహం నిరోధంలో వేడిగా మారుతుంది. బ్రిటన్‌లోని 230 వోల్టుల సరఫరాపై 14 వాట్ల ప్యాడ్ పనిచేయవలెనంటే, దాని నిరోధం 230ను 230తో గుణించి 14తో భాగించగా వచ్చే సంఖ్య, అనగా సుమారు 3,780 ఓములు ఉండవలెను.

ఈ ప్యాడ్ ఎంతవరకు వేడెక్కుతుంది? లోనికి వచ్చే వేడి, బయటికి పోయే వేడి సమానమయ్యేంతవరకు. గాలికి తెరచి ఉన్న ఉపరితలం, పరిసరాలతో ఒక్కొక్క డిగ్రీ తేడాకు, చదరపు మీటరుకు సుమారు 10 వాట్ల చొప్పున వేడిని కోల్పోతుంది. 28 సెంటీమీటర్ల చతురస్రపు ప్యాడ్ వైశాల్యం 0.078 చదరపు మీటర్లు. దాని 14 వాట్లూ పైవైపుకే పోతున్నవనుకొంటే, ఉపరితలం పరిసరాలకంటె సుమారు 18 డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. గది 20 డిగ్రీలైతే ప్యాడ్ 38 డిగ్రీలు. వేసవిలో గది 28 డిగ్రీలైతే ప్యాడ్ 46 డిగ్రీలు. తేడా మారదు, గది వేడి ఎంత పెరిగితే ప్యాడ్ వేడీ అంత పెరుగుతుంది.

ఇంతకంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. పెట్టెలో పరచిన చెక్కపొట్టు మందమై, వేడి పోయే మార్గం సగానికి తగ్గితే, 18 డిగ్రీల తేడా 36 అవుతుంది. చల్లని 20 డిగ్రీల గదిలోనే ప్యాడ్ 56 డిగ్రీలకు చేరుతుంది. పైన చేయి పెట్టి చూస్తే పొట్టు గోరువెచ్చగానే ఉంటుంది. మొక్కజొన్న పాముకు పొట్టులో దూరి అడుగున పడుకోవడం అలవాటు. అట్లా అడుగున పడుకొన్న పాము, వేడి ఎక్కువైనా వెంటనే లేచిపోతుందని నమ్మడానికి వీలులేదు. కాలుతున్న నేలపైనే ఉండిపోయి కడుపు చర్మం పాడయిన పాములు పశువైద్యులవద్దకు వస్తూనే ఉంటవి.

థర్మోస్టాట్ ఎట్లా పనిచేస్తుంది?

ఉష్ణోగ్రతను తనంతట తాను సర్దుకొనే కొలిమిని పదిహేడవ శతాబ్దం తొలినాళ్ళలోనే డచ్చి దేశస్థుడు కార్నెలిస్ డ్రెబెల్ నిర్మించాడు. 1830లో స్కాట్లండు రసాయనశాస్త్రజ్ఞుడు ఆండ్రూ యూర్ ద్విలోహ పట్టీతో ఒక సాధనాన్ని రూపొందించి, దానికి ‘థర్మోస్టాట్’ అని పేరు పెట్టాడు. ఇత్తడి, ఇన్వార్ పట్టీలను ఒకదానికొకటి అతికించినామనుకొందాం. 10 డిగ్రీలు వేడి చేస్తే 10 సెంటీమీటర్ల ఇత్తడి 0.019 మిల్లీమీటరు సాగుతుంది. ఇన్వార్ 0.0012 మిల్లీమీటరు మాత్రమే సాగుతుంది. రెండూ కలిసి ఉన్నందున పట్టీ ఇన్వార్ వైపుకు వంగి, విద్యుత్ వలయాన్ని తెంచివేస్తుంది. చల్లారితే తిన్నబడి మళ్ళీ కలుపుతుంది.

నేడు పాముల పెట్టెలకు వాడే థర్మోస్టాట్లలో ఈ పనిని థర్మిస్టర్ చేస్తున్నది. ఇది వేడెక్కినకొద్దీ నిరోధం తగ్గే పదార్థం. 25 డిగ్రీలవద్ద 10,000 ఓములున్న ఒక రకపు థర్మిస్టర్, 31 డిగ్రీలవద్ద సుమారు 7,700 ఓములకు దిగుతుంది. ఈ తగ్గుదలను చిన్న వలయం కనిపెట్టి, హీట్‌ప్యాడ్‌కు పోయే ప్రవాహాన్ని ఆపుతుంది. ఫలితాన్ని కొలిచి, ఆ కొలతనుబట్టి కారణాన్ని తగ్గించే ఈ పద్ధతికి ఋణాత్మక పునర్నివేశమని పేరు.

మన ఉదాహరణలో కావలసినది 31 డిగ్రీలు. గది 20 డిగ్రీలైతే 18 డిగ్రీల పెరుగుదలలో 11 చాలును. అనగా ప్యాడ్ నూటికి 61 వంతుల కాలం మాత్రమే వెలిగి ఉంటుంది. గది 26 డిగ్రీలైతే 28 వంతులు చాలును. గది 32 డిగ్రీలైతే ప్యాడ్ అసలు వెలగదు. అయినా పెట్టె 31కి దిగదు, ఎందుకంటే థర్మోస్టాట్ వేడిని ఆపగలదే గాని చల్లదనాన్ని తేలేదు.

ప్రోబ్ ఎక్కడ పెట్టవలెను?

థర్మిస్టర్ ఉన్న తీగ కొనను ప్రోబ్ అంటారు. థర్మోస్టాట్‌కు తెలిసేది ప్రోబ్ ఉన్నచోటి ఉష్ణోగ్రత ఒక్కటే. ప్రోబ్‌ను పెట్టె లోపల వదులుగా వేస్తే, పాము దానిని తోసి చల్లని మూలకు చేర్చవచ్చును. అప్పుడు ప్రోబ్ 24 డిగ్రీలే చూపుతుంది. థర్మోస్టాట్ తన ధర్మం తప్పకుండా వేడిని పోస్తూనే ఉంటుంది, ప్యాడ్ మీద నేల కాలిపోతుంది. సాధనంలో లోపమేమీ లేదు, అమరికలోనే లోపం.

కనుక గాజుపెట్టెలకు ఈ క్రమం మేలు. హీట్‌ప్యాడ్‌ను పెట్టె అడుగున వెలుపల, నేలలో మూడోవంతు మేరకు, ఒక కొనకు అమర్చవలెను. పెట్టె కింద చిన్న రబ్బరు కాళ్ళు ఉంచి గాలి ఆడనివ్వవలెను. ప్రోబ్‌ను ప్యాడ్‌కు, గాజుకు మధ్య కదలకుండా బిగించవలెను. ఇక్కడ అది మిక్కిలి వేడిగల చోటును కొలుస్తుంది, పాముకు అందదు. గాజు లోపలి వైపు దీనికంటె కొన్ని డిగ్రీలు తక్కువగా ఉంటుంది. అందుచేత లోపల పొట్టు కింద వేరొక ఉష్ణమాపకాన్ని ఉంచి, అది 31 చూపేవరకు థర్మోస్టాట్‌ను కొద్దికొద్దిగా సర్దవలెను. ఒక పగలు, ఒక రాత్రి ఈ విధంగా నడిపి, అంకెలు నిలకడగా ఉన్న తరువాతనే పామును విడువవలెను. రిలే స్పర్శలు అతుక్కుపోతే థర్మోస్టాట్ కూడ మోసగించవచ్చును. కనుక రెండవ ఉష్ణమాపకాన్ని ఆ తరువాత కూడ రోజూ చూడవలెను.

తరగతిలో చేయదగిన ప్రయోగం

ఈ సూత్రాన్ని చూపడానికి పాము అక్కరలేదు. 12 వోల్టుల బ్యాటరీ, 21 వాట్ల మోటారుకారు దీపం, ఒక గాజుతొట్టి, ఒక ఉష్ణమాపకం చాలును. దీపం కాగితానికి, గుడ్డకు తగలకూడదు. ఒక విద్యార్థి ఉష్ణమాపకాన్ని మాత్రమే చూస్తూ, గది ఉష్ణోగ్రతకంటె 5 డిగ్రీలు ఎక్కువ కాగానే స్విచ్చి తీయవలెను, ఒక డిగ్రీ తగ్గగానే వేయవలెను. మరొకరు అరనిమిషానికి ఒకసారి అంకెలు వ్రాసి రేఖాపటం గీయవలెను. స్విచ్చి తీసిన తరువాత కూడ వేడి కొంత పెరగడం, రేఖ అలలవలె ఊగడం కనబడుతుంది. తరువాత ఉష్ణమాపకాన్ని తొట్టి మూలకు జరిపి మళ్ళీ చేస్తే, ప్రోబ్ స్థానం ఎంత ముఖ్యమో మాటలు అక్కరలేకుండానే తెలుస్తుంది.

ఈ విషయంలో ప్రకృతి చూపిన ఒక వింత కూడ ఉన్నది. బర్మా కొండచిలువ ఆడది గ్రుడ్లను చుట్టుకొని, కండరాలను పదే పదే బిగిస్తూ వణికి, వాటికి వేడి ఇస్తుంది. గాలి చల్లబడినకొద్దీ వణకు వేగం హెచ్చుతుంది. న్యూయార్కు జంతుప్రదర్శనశాలలోని ఒక కొండచిలువపై జరిపిన ఈ కొలతలు 1966లో ప్రకటితమైనవి. పొదిగే కాలంలో ఆ తల్లి తానే హీట్‌ప్యాడ్, తానే థర్మోస్టాట్.

మన దేశపు పాములను పట్టి ఇంట ఉంచడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అనుమతించదు. విద్యార్థులు ఆ పనికి పూనుకోరాదు. మన పొలంగట్టున ఉదయపు ఎండలో కదలక పడి ఉన్న జెర్రిపోతు బద్ధకించి పడుకొన్నది కాదు. తిన్న ఎలుకను అరిగించుకొనడానికి కావలసిన వేడిని కూడదీసుకొంటున్నది. దానిని కదిలించక, దూరంనుంచి చూచి తొలగిపోవడమే మేలు.