పంజరపు పక్షుల మేతగా మన్యం గింజలు: నిల్వలో పురుగుల సమస్య

నవంబరు, డిసెంబరు నెలలలో అరకు, పాడేరు, చింతపల్లి కొండవాలులు వలిసె పూలతో పసుపుపచ్చగా మారతాయి. ఫోటోలు తీసుకుని వెళ్లే యాత్రికులలో చాలామందికి ఆ పూల వెనుక నల్లని నూనెగింజ ఉన్నదని తెలియదు. ఆ గింజకు నూనె గానుగ ఒక్కటే గమ్యం కాదు. భారతదేశం నుండి ఎగుమతి అయ్యే వలిసెలు అమెరికాలో ఇళ్ల పెరళ్లకు వచ్చే చిన్న పిట్టలకు మేతగా అమ్ముడవుతాయి. అక్కడి చట్టం ప్రకారం ఈ గింజలను 120 డిగ్రీల సెల్సియస్ పొడివేడిలో 15 నిమిషాలు ఉంచాలి. ఈ నిబంధన పురుగుల కోసం పెట్టినది కాదు, గింజలలో కలిసి వచ్చే కలుపు విత్తనాలు మొలకెత్తకుండా చేయడానికి పెట్టినది. ఆ కలుపుల జాబితాలో మన అరిక కూడా ఉండడం విచిత్రం. ఒక దేశపు తిండిగింజ మరొక దేశానికి కలుపు మొక్క.

దేశీయ మార్కెట్టులో మేతగా ఎక్కువ గిరాకీ కొర్ర, సామ, వరిగలకు ఉంది. నగరాలలో పెంచే బడ్జెరిగర్లు, ఫించ్‌లు, కాకటీల్‌లు ప్రధానంగా ఈ చిన్న గింజలనే తింటాయి (మన అడవి రామచిలుకలను పంజరంలో ఉంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం). కొర్ర కంకులను కోసి ఆరబెట్టి, కంకి పళంగా పంజరంలో వేలాడదీయడం కూడా వాడుకలో ఉంది. మన్యంలో పండే పంటకు ఇది అదనపు మార్కెట్టు కాగలదు. అయితే కోత ముగిసిన వెంటనే వారపు సంతలో వచ్చిన ధరకు అమ్ముకునే గిరిజన రైతు, ఆరు నెలలు ఆగి అమ్మాలంటే గింజ పురుగు పట్టకుండా నిలవాలి. పురుగుమందు తగలకుండా నిలవాలి. కష్టమంతా ఈ రెండో షరతులోనే ఉంది.

ప్రకృతి ఇక్కడ రైతుకు కొంత సాయం చేసింది. ముక్క పురుగు గింజకు రంధ్రం చేసి లోపల గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు ఆ ఒక్క గింజలోనే పెరిగి పెద్దది కావాలి. చోడి, కొర్ర, సామ గింజలలో అందుకు తగిన చోటు లేదు. చోళ్లు ఏళ్ల తరబడి చెడకుండా ఉండడానికి ఇది ఒక ముఖ్య కారణం. కొర్ర, సామలకు గట్టి పొట్టు మరొక కవచం. ఈ కవచాన్ని మరలో తీసివేసి బియ్యంగా మార్చిన తరువాతనే ఎర్ర పిండి పురుగు, బియ్యపు రెక్కల పురుగు విజృంభిస్తాయి. మనిషికి కావలసినది కొర్ర బియ్యం, పక్షికి కావలసినది పొట్టుతో ఉన్న కొర్ర. ముక్కుతో పొట్టు ఒలుచుకుని గింజను మింగడం ఈ పక్షుల సహజ లక్షణం. కనుక పక్షి మేత కోసం మర పట్టవలసిన అవసరం లేదు. నిల్వకు ఇంతకంటె అనుకూలమైన సరుకు అరుదు.

అయినా బజారులో కొన్న మేత సంచి విప్పితే రెక్కల పురుగులు ఎందుకు లేస్తాయి? కారణం మిశ్రమంలో ఉంది. కొర్రతో పాటు జొన్న, సజ్జ, మొక్కజొన్న నూక, వడ్లు, పొద్దుతిరుగుడు గింజలు కలిపి అమ్ముతారు. జొన్న, మొక్కజొన్నలతో ముక్క పురుగు, నుసి పురుగు వస్తాయి. వడ్లతో వడ్ల చిలుక వస్తుంది (చిలుక మేతలో చిలుక పురుగు!). ఇవి మిగిల్చిన పిండి, నూక మీద ఎర్ర పిండి పురుగు, రంపపు పళ్ల పెంకు పురుగు బతుకుతాయి. మిశ్రమం నిల్వ గుణం అందులోని అతి బలహీనమైన గింజను బట్టే ఉంటుంది. గింజలను విడివిడిగా నిల్వ చేసి, అమ్మే వారంలో కలపడం ఖర్చు లేని నివారణ. కలిపిన మేతను నెలల తరబడి గోదాములో ఉంచే వ్యాపారి ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఫలితం అంతంతమాత్రమే.

చింతపల్లి సముద్రమట్టానికి 800 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంది. పక్కనే ఉన్న లంబసింగిలో శీతకాలపు రాత్రులు గడ్డకట్టే చలికి చేరువగా వెళతాయి. ఈ చలిలో పురుగు చావదు. సుమారు 15 డిగ్రీలకు దిగువన నిల్వ పురుగులలో అధికభాగం ఎదుగుదల ఆపి కదలక పడి ఉంటాయి, వేసవి రాగానే తిరిగి మొదలుపెడతాయి. డిసెంబరులో శుభ్రంగా కనిపించిన గింజ మేలో పుచ్చిపోవడానికి ఇదే కారణం.

అసలు శత్రువు వానాకాలపు తేమ. గింజ చుట్టూ ఉన్న గాలితో తేమను ఇచ్చిపుచ్చుకుంటుంది. గాలిలో తేమ 70 శాతం ఉంటే ధాన్యం 13, 14 శాతం వద్ద నిలుస్తుంది. మన్యపు వానలలో గాలితేమ 80 దాటుతుంది కనుక, 12 శాతానికి ఆరబెట్టిన కొర్ర గోనె సంచిలో ఉంటే ఆగస్టు నాటికి మళ్లీ మెత్తబడుతుంది. నూనెగింజలైన వలిసెలను 8 శాతానికి తేవాలి. తేమమాపకం లేని చోట పొడి ఉప్పు పరీక్ష ఉపయోగపడుతుంది. పొడి గాజు సీసాలో గుప్పెడు గింజలు, చెంచాడు పొడి ఉప్పు వేసి ఊపితే, ఉప్పు గాజుకు అంటుకున్నప్పుడు తేమ 15 శాతానికి పైన ఉన్నదని అర్థం. అంటుకోకపోయినంత మాత్రాన నిల్వకు సిద్ధమని చెప్పలేము. మరొక రెండు ఎండలు అవసరం. శీతకాలంలో పొద్దెక్కే దాకా మంచు విడవదు కనుక ఆరబెట్టడానికి మధ్యాహ్నపు గంటలే దక్కుతాయి. నేల మీద కాక టార్పాలిన్ మీద పలుచగా పరచాలి.

ఆరిన గింజను గాలి చొరని సంచిలో నింపడం ఉత్తమ మార్గం. కామెరూన్‌లో అలసంద రైతుల కోసం పర్డ్యూ విశ్వవిద్యాలయం రూపొందించిన మూడు పొరల సంచులు ఈ సూత్రం మీద పనిచేస్తాయి. లోపలి పురుగులే ఆక్సిజన్‌ను వాడుకుని, అది తగ్గిపోగానే మేత మాని చస్తాయి. సంచిని మెడ వరకు నింపి, గాలి పిండి కట్టాలి. ఎలుక ఒక్క కన్నం పెడితే శ్రమ వృథా అవుతుంది కనుక సంచిని రేకు డ్రమ్ములో ఉంచాలి. కొండ పల్లెలలో ఎండిన ఆనప బుర్రలో విత్తనం పోసి మూతి బిగించి, పొయ్యి పొగ తగిలే చోట వేలాడదీసే పద్ధతి కొంతవరకు ఇదే సూత్రానికి చెందినది. విత్తనానికి అది చక్కని పద్ధతి, మేతకు అవసరమైన క్వింటాళ్లకు చాలదు.

ఇంట్లో పక్షులు పెంచేవారు కిలో, రెండు కిలోల మేతను సంచితో సహా -18 డిగ్రీల ఫ్రీజరులో నాలుగు రోజులు ఉంచితే గుడ్లతో సహా పురుగు నశిస్తుంది. బయటకు తీసిన సంచిని గది వేడికి వచ్చే వరకు విప్పరాదు. విప్పితే చల్లని గింజ మీద నీరు పట్టి బూజుకు దారితీస్తుంది.

మందుల విషయంలో విస్తరణ శాస్త్రవేత్తలు నిక్కచ్చిగా ఉండడం అవసరం. మలాథియాన్ వంటి భాస్వర సంబంధిత మందులకు క్షీరదాల కంటె పక్షులు సాధారణంగా ఎక్కువ సున్నితమైనవి. మేత గింజకు వాటిని పట్టించరాదు. అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు శిక్షణ, అనుమతి ఉన్నవారు గోదాములో వాడవలసినవి. ఇంట్లో డబ్బాలో ఒక మాత్ర వేయడం పక్షికే కాదు, ఇంటిల్లిపాదికీ ప్రమాదం. వేపాకు, వావిలాకు పురుగును కొంత వికర్షిస్తాయి గాని లోపల చేరిన దానిని చంపవు. బూడిద పనిచేస్తుంది, అయితే ఆ నుసి పక్షి ఊపిరికి మంచిది కాదు. కలిపితే చెరిగి, జల్లించి మాత్రమే అమ్మాలి.

పురుగును పక్షి తిన్నంత మాత్రాన పెద్ద కీడు లేదు. పురుగుల ఊపిరితో గింజ వేడెక్కి, చెమ్మగిల్లి, బూజు పట్టడంలోనే ప్రమాదం ఉంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు కారణం తెలియని జబ్బుతో చనిపోయాయి. బూజు పట్టిన వేరుశనగ పిండి అందుకు మూలమని తేలింది, అఫ్లాటాక్సిన్ అలా వెలుగులోకి వచ్చింది. మేత మిశ్రమంలో వేరుశనగ పప్పు, మొక్కజొన్న కలిపేవారు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి.

పురుగును కంటికి కనబడేలోగా పట్టడానికి తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రచారంలోకి తెచ్చిన రంధ్రాల గొట్టం చాలు. గింజలో నిలువుగా గుచ్చితే, గాలి కోసం తిరిగే పెంకు పురుగులు రంధ్రాలలో దూరి అడుగున పడతాయి. రెక్కల పురుగు దీనికి చిక్కదు. గింజలను అల్లుకున్న పట్టుదారాలే దాని ఆనవాలు. ట్రైకోగ్రామా ప్రయోగశాలలలో పనిచేసిన విద్యార్థులు ఆ అల్లికను వెంటనే గుర్తిస్తారు. అక్కడ ఇదే పురుగును సజ్జ, జొన్న నూక పోసి శ్రద్ధగా పెంచుతారు. వారానికి ఒకసారి గొట్టం తీసి చూసి, జూన్‌లో వానలు మొదలయ్యే ముందు సంచులన్నింటినీ మరొకసారి పరిశీలించి, ఒక్క పురుగు కనిపించినా ఆ సంచిని మిగతావాటి నుండి వేరుచేసి తిరిగి ఎండబెట్టాలి.