మైదా, పంచదార లేని మఫిన్‌లు: మితం తప్పితే అవీ అపథ్యమే

గత వేసవిలో ఒక ఉదయం నా బాల్యమిత్రులొకరు మా వైద్యశాలకు వచ్చారు. ఆయన ఉపాధ్యాయవృత్తి చేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. పన్నెండేళ్లుగా మధుమేహం ఉన్నది. డాక్టరుగారు ఇచ్చిన మాత్రలు, నేను చెప్పిన పథ్యం రెండూ తప్పక పాటించే మనిషి. అటువంటి ఆయన రాత్రికి నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నానని, ఎన్ని నీళ్లు త్రాగినా నాలుక పిడచకట్టుకుపోతున్నదని చెప్పారు. రక్తపరీక్ష చేయిస్తే చక్కెర బాగా పెరిగి ఉన్నది.

ఏమి తింటున్నావని అడిగితే సంచిలో నుంచి ఒక స్టీలు డబ్బా తీసి నా బల్లపై పెట్టారు. అందులో ముదురు గోధుమరంగు మఫిన్‌లు ఉన్నాయి. "మా అమ్మాయి అమెరికా నుంచి వచ్చినప్పుడు నేర్పి వెళ్లింది. మైదా లేదు, పంచదార లేదు. బెల్లం, ఖర్జూరం, అరటిపండు. మైదా, పంచదార మానితే భయం లేదని నువ్వే కదరా అన్నావు! పొద్దున రెండు, సాయంత్రం రెండు తింటున్నాను" అన్నారు.

అన్న మాట నిజం. తొందరలో అన్నాను. గురుకులంలో ఉన్నప్పుడు ప్రమేహనిదానాన్ని తెల్లవారుజామున లేచి వల్లెవేసినవాడిని. అధికనిద్ర, సుఖాసనం, పెరుగు, క్రొత్త ధాన్యం మొదలైన ప్రమేహకారణాలలో బెల్లంతో చేసిన పదార్థాలను కూడా చరకాచార్యులు లెక్కించారు. నోటికి వచ్చిన ఆ పాఠం అవసరమైన వేళ నా నోటికి రాలేదు. ఆయనను వెంటనే వారి డాక్టరుగారి వద్దకు పంపి, మఫిన్‌ల డబ్బా నా వద్దనే ఉంచుకున్నాను.

గృహిణులు ఈ విషయాన్ని బాగా గ్రహించవలెను. మైదా మానడం మంచిదే. గోధుమలోని తవుడును, మొలకభాగాన్ని తొలగించగా మిగిలిన పిండిపదార్థమే మైదా. దానిలో పీచు స్వల్పం. పంచదార మానడమూ మంచిదే. కాని పంచదార స్థానంలో బెల్లం వేస్తే తీపి పోలేదు, రంగు మాత్రమే మారింది. బెల్లంలో కొంత ఇనుము, లవణాలు ఉన్న మాట వాస్తవమే. అయినా అందులోనూ అత్యధికభాగం అదే చెరకు చక్కెర. 100 గ్రాముల పంచదారలో సుమారు 400 కేలరీలు ఉంటే బెల్లంలో సుమారు 380 ఉంటాయి. ప్రాతబెల్లం పథ్యమని, క్రొత్తబెల్లం కఫాన్ని పెంచి అగ్నిని మందగింపజేస్తుందని వాగ్భటాచార్యులు చెప్పిన భేదం ఆరోగ్యవంతులకు ఉపకరిస్తుంది. మధుమేహరోగికి రెండూ తీపే.

అట్లని మఫిన్‌లను ఇంటి నుంచి వెళ్లగొట్టనవసరం లేదు. పిల్లలు బేకరీ సరకు అడిగే రోజులివి. మా కోడలు, నేను కూర్చుని మిత్రుని డబ్బాలోని పద్ధతినే సవరించాము. మూడవసారికి గాని కుదరలేదు. మొదటిసారి వేరుసెనగ గుళ్లు సరిగా వేగక పచ్చివాసన వచ్చింది. రెండవసారి అడుగు మాడింది.

పావుకిలో వేరుసెనగ గుళ్లను సన్ననిసెగపై దోరగా వేయించి, పొట్టు తీసి, మిక్సీలో మధ్యమధ్య ఆపుతూ నూనె తేలి ముద్ద అయ్యేవరకు రుబ్బవలెను. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి ఏరి పారవేయవలెను. వాటిలో కాలేయానికి హానిచేసే విషం ఉండవచ్చును. బాగా మగ్గిన రెండు అరటిపండ్లు, రెండు గ్రుడ్లు, మూడు పెద్దచెంచాల బెల్లం పొడి, చిటికెడు ఉప్పు చేర్చి మెత్తగా కలపవలెను. వేరుసెనగ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట, చరకుని కాలానికి మనకు లేదు. గురువైనదని, పిత్తాన్ని పెంచుతుందని మా అనుభవం. అందుచేత అరచెంచా శొంఠిపొడి, నాలుగు ఏలకులు దంచి వేస్తాము. చివర అరచెంచా వంటసోడా, చెంచాడు నిమ్మరసం కలిపి, ఆలస్యం చేయక అచ్చులలో ముప్పావువంతు నింపి, ముందుగా వేడిచేసిన ఓవెన్‌లో 180 డిగ్రీల వద్ద ఇరవై నిమిషాలు ఉంచవలెను. నడుమ గ్రుచ్చిన పుల్లకు తడి అంటకూడదు. పన్నెండు వస్తాయి.

గ్రుడ్డు తినని ఇళ్లలో రెండు పెద్దచెంచాల అవిసెగింజల పొడిని ఆరుచెంచాల నీటిలో నానబెట్టి వాడవచ్చును. నడుమ కొంచెం కుంగుతాయి, రుచికి లోటు లేదు. ఓవెన్ లేనివారు ప్రెషర్ కుక్కర్‌లో ఇసుక పరచి, గాస్కెట్, విజిల్ తీసివేసి, పది నిమిషాలు వేడెక్కనిచ్చి సన్ననిసెగపై చేయవచ్చును. ముప్పై అయిదు, నలభై నిమిషాలు పడుతుంది. నా వివాహమైన క్రొత్తలో మా ఇంట కేకు అట్లే అయ్యేది.

తేనె ఆరోగ్యమని పిండిలో పోసి కాల్చడం నాకు సమ్మతం కాదు. తేనెను వేడిచేసి సేవించరాదని ఆయుర్వేదశాస్త్రం స్పష్టంగా నిషేధించింది. కావలసినవారు చల్లారిన తరువాత పైన రాసుకోవలెను. మెత్తదనం కోసం పెరుగు కలిపే అలవాటు కూడా కొందరికి ఉన్నది. అరటిపండుతో పెరుగు, మజ్జిగ విరుద్ధాహారమని వాగ్భటోక్తి. కనుక పులుపుకు నిమ్మరసమే వాడుతున్నాము. వేరుసెనగ పడక దద్దుర్లు, ఆయాసం వచ్చేవారు వీటి జోలికి పోరాదు.

ఇక పరిమాణం. మా లెక్క ప్రకారం ఒక్కొక్క మఫిన్‌లో సుమారు 160 కేలరీలు, అన్ని తీపులూ కలిపి చెంచాన్నర చక్కెర ఉంటాయి. మా మిత్రుడు రోజుకు నాలుగు తిన్నారు. వారి అమ్మాయి పద్ధతిలో బెల్లం ఇంతకు మూడింతలు, పైన ఖర్జూరం. ఆడుకునే పిల్లలకు సాయంత్రం పలహారంగా ఒకటి చాలును. భోజనానికి అదనంగా తినేది కాదు, పలహారానికి బదులుగా తినేది. మధుమేహం ఉన్నవారు చక్కెర అదుపులోనికి వచ్చిన తరువాత, డాక్టరుగారి అనుమతితో, బెల్లం వేయని దానిలో సగం తినవచ్చును. ఆ తీపి అరటిపండుదే. రోజూ మాత్రం వద్దు.

రెండు నెలలలో మిత్రుని పరిస్థితి కుదుటపడింది. మొన్న ఆదివారం ఆ స్టీలు డబ్బాతోనే మళ్లీ వచ్చారు. బెల్లం లేకుండా స్వయంగా చేశారట. నాకొకటి ఇచ్చి, తనది సగానికి విరిచి, మిగిలిన సగం మా మనవడి చేతిలో పెట్టారు. వాడు కొరికి, "తాతా, తీపి చాలలేదు" అన్నాడు.