రక్తం దాచే లోపం

ఈనిన ఆవు మాయ వేయకపోయినా, ఎన్నిసార్లు ఎద ఇంజెక్షన్ వేయించినా గేదె చూడి కట్టకపోయినా, పొదుగువాపు మళ్లీ మళ్లీ తిరగబెట్టినా ఈమధ్య అందరి నోటా వినిపించే మాట ఖనిజ లోపం. అందులోనూ సెలీనియం పేరే ముందుంటోంది. ఆ అనుమానం ఉత్తదేమీ కాదు. అంతవరకూ విషంగానే పేరుపడ్డ ఈ మూలకం ప్రాణానికి అవసరమని 1957లో క్లాస్ ష్వార్జ్ ఎలుకల మీద ప్రయోగాలతో చూపించాడు. అది గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములో భాగమని 1973లో తేలింది. కణాల పొరలు ఆక్సీకరణతో పాడవకుండా కాచే ఎంజైము అది. సెలీనియం బాగా తగ్గిన దూడల్లో కండరాలు తెల్లగా పాలిపోతాయి. దెబ్బ గుండె కండరానికి తగిలితే అప్పటిదాకా గెంతిన దూడ ఉన్నట్టుండి చనిపోతుంది. కానీ మాయ పడకపోవడానికి కాల్షియం తగ్గడమూ కారణమే, కవల దూడలూ కారణమే, కష్టపు ఈతా కారణమే. లక్షణాన్ని చూసి మూలకం పేరు చెప్పేయడం శకునం చెప్పడం కన్నా గొప్ప పనేమీ కాదు. పరీక్ష కావాలి. అయితే ఏ పరీక్ష ఏం చెబుతుందో తెలియకపోతే రిపోర్టు కూడా తప్పుదారే పట్టిస్తుంది.

సెలీనియం సంగతే చూడండి. రక్తం గడ్డకట్టాక కణాలు లేకుండా మిగిలే సీరంలో కనిపించేది ఈ కొద్ది వారాల మేత ఫలితం. ఎర్ర రక్తకణంలోకి మాత్రం, ఆ కణం తయారయ్యేటప్పుడే, సెలీనియం ఎంజైముగా చేరిపోతుంది. పశువులో ఆ కణం నాలుగైదు నెలలు బతుకుతుంది. అందుకే కణాలతో సహా మొత్తం రక్తాన్ని పరీక్షిస్తే గడిచిన నెలల లెక్క బయటపడుతుంది. సీరంలో సరిపడా ఉండి మొత్తం రక్తంలో తక్కువైతే ఖనిజ మిశ్రమం ఇటీవలే మొదలైందని అర్థం. ఇందుకు విరుద్ధంగా ఉంటే మేతలో సెలీనియం ఈమధ్యే తగ్గిందని. రాగి దగ్గర రక్తం ఇంకా పెద్ద మోసం చేస్తుంది. రాగి నిల్వ ఉండేది కాలేయంలో. కిలో ఎండు కాలేయంలో నూరు మిల్లీగ్రాములకు పైగా ఉండాల్సిన రాగి సుమారు 40కి దిగజారేదాకా సీరంలో పెద్ద తేడా కనిపించదు. వంటింటి డబ్బాలో బియ్యం నిండుగా ఉన్నాయని గాదె నిండుగా ఉందనుకోలేం కదా. పైగా ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే సీరంలో రాగి పెరుగుతుంది, జింకు తగ్గుతుంది. పొదుగువాపుతో ఉన్న ఆవు రక్తం తీస్తే రాగి లోపం దాక్కుంటుంది, లేని జింకు లోపం పుట్టుకొస్తుంది. ఆఖరికి సీసా మూత కూడా అబద్ధమాడగలదు. మామూలు రబ్బరు బిరడాలోంచి జింకు నమూనాలోకి దిగుతుంది. సూక్ష్మ మూలకాల పరీక్షకు ముదురు నీలం మూత ఉన్న ప్రత్యేక ట్యూబు వాడమనేది అందుకే.

మరి రాగి కోసం కాలేయం ముక్క తీసి పరీక్షించడం పాడి రైతుకు అయ్యే పనేనా అని అడగవచ్చు. ప్రతి పశువుకూ అక్కర్లేదు. లోపం సాధారణంగా మందకు వచ్చేది, ఎందుకంటే మేత మందదే. ఆరోగ్యంగా ఉన్న ఏడు నుంచి పది పశువుల రక్తం ఒక పశువు రిపోర్టు కన్నా ఎంతో నమ్మదగింది. చనిపోయిన పశువు కాలేయమైతే ఖర్చు లేకుండా దొరికే సాక్ష్యం, దాన్ని మనం ఊరికే పూడ్చిపెడుతున్నాం. మట్టి పరీక్ష చాలదా అంటే, చాలదు. ఆమ్ల నేలలో సెలీనియం ఉన్నా అది ఇనుముతో పెనవేసుకుని మొక్కకు సరిగా అందదు. చివరికి మేతలో రాగి సరిపడా ఉన్నా మాలిబ్డినం, గంధకం ఎక్కువైతే కడుపులోనే దాన్ని కట్టిపడేస్తాయి. అలాంటి చోట పశువు రాగి తింటూనే రాగి లోపంతో ఉంటుంది.

ఇంత తతంగం ఎందుకు, అందరికీ ఖనిజ లవణ మిశ్రమం పెట్టేస్తే పోలేదా అన్నది బలమైన అభ్యంతరమే. వరిగడ్డి మీదే బతికే మన పశువులకు ప్రాంతానికి తగ్గ మిశ్రమాన్ని చెప్పిన మోతాదులో పెట్టడం మంచిదే, అందుకు పరీక్ష కోసం ఆగనక్కర్లేదు. చిక్కు వచ్చేది దానిపైన సెలీనియం ఇంజెక్షన్, మరో డబ్బా, ఇంకో బోలస్ చేరినప్పుడు. పాడి పశువుకు కిలో ఎండు మేతలో 0.3 మిల్లీగ్రాముల సెలీనియం చాలు, 5 మిల్లీగ్రాములు దాటితే హాని. పంజాబులోని నవాన్‌షహర్, హోషియార్‌పూర్ ప్రాంతాల్లో కొన్ని పొలాల నేలలోనే సెలీనియం ఎక్కువ. అక్కడి మేత తిన్న పశువుల గిట్టలు చీలి, వెంట్రుకలు రాలిపోయాయి. అలాంటి చోట అందరికీ సెలీనియం అంటే జబ్బుకు జబ్బే మందన్నట్టు. ఫిన్లాండ్ దేశమంతటా ఎరువుల్లో సెలీనియం కలిపింది నిజమే. 1980ల మధ్యలో మొదలుపెట్టి, మేత, పాలు, రక్తం వదలకుండా కొలుస్తూ, ధాన్యపు ఎరువులో కిలోకు 16 మిల్లీగ్రాములుగా ఉన్న మోతాదును 1990ల ఆరంభంలో 6కు దించింది, 1998లో 10కి పెంచింది. అందరికీ పెట్టిన ఆ దేశం కూడా కొలవడం మానలేదు.

కాబట్టి మీ పశువుకు రక్తం తీయించే రోజున డాక్టరుగారికి నాలుగు సంగతులు తప్పక చెప్పండి: ఈనడానికి ఎన్నాళ్లుంది లేదా ఈని ఎన్నాళ్లయింది, జ్వరం గానీ పొదుగువాపు గానీ ఉందా, మేత ఎప్పుడు మారింది, ఏ మిశ్రమం ఎన్ని నెలలుగా తింటోంది. ఆ నాలుగూ తెలియకుండా రిపోర్టులోని అంకెను ఎంత గొప్ప లేబొరేటరీ అయినా సరిగా చదవలేదు.