మొక్కజొన్న వచ్చినది, సున్నము రాలేదు

సోల్ మహానగరము నడుమ నిలిచియున్న నామ్‌సాన్ కొండ దక్షిణపు వాలునందు, మెట్లును వంపులును తప్ప సమతలమన్నది యెరుగని హేబాంగ్చోన్ పేటలో, ఒక పాతమేడ పైకప్పుమీద గట్టిన ఒంటిగదిలో నేను రెండేండ్లు కాపురముంటిని. హేబాంగ్చోన్ అనగా విమోచనగ్రామము. 1945లో జపాను ఏలుబడి తొలగిన పిదపను, ఆ వెనుక యుద్ధకాలమునను, ఉత్తరమునుండి కట్టుబట్టలతో దిగివచ్చిన కాందిశీకులు చెక్కలతోను రేకులతోను గుడిసెలు వేసికొన్న చోటది. కొండ దిగువ యోంగ్‌సాన్‌లో అమెరికను సేనల విడిది దశాబ్దములపాటు నెలకొని యుండుటచేతను, ఆ విడిది గోడ ప్రక్కనే ఇతేవన్ బజారు వర్ధిల్లుటచేతను, 1976లో ఆ బజారు మిట్టపై మసీదు వెలసి దాని చుట్టును దేశదేశముల సరకుల అంగళ్లు పుట్టుకొనివచ్చుటచేతను, కందిపప్పు మొదలుకొని ధనియాలవరకు నాకు కావలసినవెల్ల నడకదూరముననే లభించెడివి. కనుక ఇంటివంటకు నేను మొగము వాచినవాడను గాను. మొగము వాచినది మరియొకదానికి.

కొరియాకు రాకపూర్వము ఉద్యోగరీత్యా ఆరుమాసములు మెక్సికో నగరమున నుండి, సాయంకాలములందు వీధి యంచున నిలుచుండియే, అరచేతియంత మొక్కజొన్న రొట్టెలో మాంసపు తునకలును, తరిగిన ఉల్లియు కొత్తిమీరయు నుంచి, నిమ్మ పిండి, తల ప్రక్కకు వంచి తినుటకు అలవాటుపడితిని. ఆ రొట్టె పేరు తోర్తియా. దానిలో ఏదైన నుంచి మడిచినచో టాకో. తెలుగువాడు పరదేశమున గోంగూరకై పరితపించినచో లోకము జాలిపడును. సోల్‌లో కూర్చుండి తోర్తియాకై పరితపించువానిని చూచి నా మిత్రులు నవ్విరి.

మెక్సికను భోజనమని పలక వ్రేలాడదీసిన దుకాణములకు ఇతేవన్‌లో ఏనాడును కొరత లేదు. లోనికి పోయి కూర్చుండినంతనే వచ్చునది, పంటికింద పెళుసుగా విరుగు గట్టి దొప్ప, దానినిండ వేయించిన గొడ్డుమాంసపు కైమా, పసుపుపచ్చని చీజు తురుము, జీలకర్ర ఘాటు. అది కానిచో గోధుమపిండితో చేసిన దుప్పటివంటి రొట్టెలో అన్నమును చిక్కుడుగింజలను మూటగట్టిన బురీతో. ఇది సరిహద్దునకు ఆవలి టెక్సాసులో మెక్సికో సంతతివారి చేతులలోనే పెరిగిన వంట. యోంగ్‌సాన్ సిపాయిలకు ఇంటి జ్ఞాపకము. వారి నాలుక ననుసరించియే ఇచ్చట వేరూనినది. 2018లో ఆ సేనల ప్రధానస్థానము ప్యోంగ్‌తేక్‌కు తరలిపోయినను ఆ రుచిమాత్రము తరలిపోలేదు. దీనిని నకిలీ యని యీసడించుట అన్యాయము. అది మరియొక ఊరి అసలు. మెక్సికో రాజధాని వీధులలో అధిదేవతవలె నిలువు శూలముపై తిరుగుచుండు అల్ పాస్తోర్ మాంసమైనను, లెబనాను నుండి వలసవచ్చినవారు తెచ్చిన విద్యయే కదా. గొర్రెమాంసము పందిమాంసమై, తలపై అనాసపండు ధరించి, స్థానికత్వము సంపాదించుకొన్నది. ఉత్తరమున సొనోరా ప్రాంతపువారు గోధుమ తోర్తియానే తాతలనాటి సొత్తుగా తిందురు. పుట్టుపూర్వోత్తరములు విచారించి వంటలకు కులనిర్ణయము చేయబూనినచో, ఆవకాయలో మిరపకాయను సైతము మనము వెలివేయవలసి వచ్చును.

కొరియనులు మెక్సికో వంటను తమదిగా చేసికొన్న తీరు ఇంకను ముచ్చటైనది. సోల్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన రాయ్ చోయ్ అను వంటవాడు 2008లో లాస్ ఏంజెలెస్ వీధులలో కోగీ అను బండిమీద, కొరియా పద్ధతిని ఊరవేసి కాల్చిన పక్కటెముకల మాంసమును తోర్తియాలో పెట్టి అమ్మెను. జనము బారులు తీరిరి. 2011లో అమెరికా నుండి వచ్చిన కొరియను సంతతి యువకులు ఇతేవన్‌లో వాతోస్ అను భోజనశాల తెరచి, వేయించిన ఆలుగడ్డలపై కిమ్చీని, మెక్సికో పద్ధతిని మగ్గించిన పందిమాంసమును కలిపి వడ్డించిరి. ఇది వింత కాదు. పాలకూరవంటి ఆకులోనో, పెరిల్లా ఆకులోనో కాల్చిన మాంసమును, వెల్లుల్లిని, మిరపముద్దను ఉంచి చుట్టి నోటబెట్టుకొను స్సాం అను ఆచారము కొరియనులకు ఉగ్గుపాలతో వచ్చినది. మడిచి తినుట వారికి ఎవరును నేర్పనక్కరలేదు. కొత్తిమీర యొక్కటే అడ్డుతగిలినది. మన బజారులో కూరలు కొన్నవానికి కొసరుగా విసరు ఆ కట్టకు సోల్‌లో వెల యిచ్చుకొనవలయును. సబ్బువాసన యని అనేకులు ముక్కు మూసికొందురు. కాని ఆ దేశపు బౌద్ధవిహారములలోని భిక్షువులు మాత్రము దానిని గోసు అను పేర చిరకాలముగా పెంచి, ఊరవేసి తినుచునే యున్నారు.

ఇట్లు మాంసము కుదిరినది, మిరప కుదిరినది, మడత కుదిరినది. అయినను తిన్న ప్రతిచోటను నాకు ఏదియో లోపించినట్లు తోచెడిది. అది రొట్టెయే యని గ్రహించుటకు చాలకాలము పట్టినది. ఆ రొట్టెలు చూచుటకు తోర్తియాలే, వాసనకు కావు.

ఆ వాసన మొక్కజొన్నది మాత్రమే కాదు, సున్నముది. మెక్సికో గృహిణి ఎండిన మొక్కజొన్న గింజలను నీటిలో పోసి, నూటికి ఒక పాలు తడి సున్నము కలిపి, సన్నని సెగపై కొంతసేపు కాచి, దింపి, రాత్రియంతయు అట్లే నాననిచ్చును. తెల్లవారునప్పటికి గింజలమీది పొట్టు జిగురై చేతికి ఊడివచ్చును. ఆ పసుపునీటిని పారబోసి, గింజలను కడిగి, అగ్నిపర్వతశిలతో చేసిన మెతాతే అను రాతిపై రుబ్బును. మన సన్నికల్లును చూచినవారికి ఆ రాతిని వర్ణింపనవసరము లేదు. ఇట్లు సున్నపునీట కాచిన గింజలకు నిష్తమాల్ అని పేరు. నాహువా భాషలో బూడిదను చెప్పు మాటయు, ముద్దను చెప్పు మాటయు కలిసి ఏర్పడిన పదమది. సున్నము తగులని మొక్కజొన్నపిండి ఎంత పిసికినను అతుకదు. నోరు విప్పిన నేలవలె పగులును. సున్నము గింజ గోడలను కరగించి జిగి పుట్టించును. అప్పుడే ముద్ద పలుచని బిళ్లగా సాగి, వేడి పెనముమీద రెండుమార్లు తిరుగవేసిన పిదప మూడవమారు పుల్కావలె పొంగును. ఆ పొంగును చూచియే వంటకత్తె సామర్థ్యమును లెక్కింతురు.

జిగి యొక్కటేయైనచో రుచిపరుల ముచ్చటయని విడిచిపుచ్చవచ్చును. కాని మొక్కజొన్నలోని నియాసిన్ అను జీవసత్త్వము శరీరమునకు అందకుండ బంధింపబడియుండును. ఆ బంధమును విప్పునదియు సున్నమే. కొలంబసు పిదప మొక్కజొన్న సముద్రములు దాటి స్పెయిను, ఇటలీ రైతుల కంచములలోనికి వచ్చినది. సున్నము వెంట రాలేదు. ఫలితముగా ఒడలు పొక్కి, బుద్ధి చెదరి, మనుష్యులను చంపు పెల్లాగ్రా వ్యాధి రెండువందల యేండ్లు ఆ పల్లెలను పీడించి, ఇరువదవ శతాబ్దారంభమున అమెరికా దక్షిణరాష్ట్రములను సైతము పట్టుకొన్నది. ఈ రోగము మనకు పరాయిది కాదు. దక్కను పీఠభూమిలో జొన్నయే ఆధారముగా బ్రతుకు పేదలలో ఇది కనబడుటను హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో గోపాలన్, శ్రీకంఠయ్య అను శాస్త్రజ్ఞులు పరిశీలించి, జొన్నలోని లూసిన్ ఆధిక్యమును 1960లో కారణముగా చూపిరి.

జొన్న ప్రసక్తి వచ్చినది కనుక ఒక మాట. కొత్తగా వచ్చిన గింజకు తెలుగువాడు మొక్కజొన్న యని పేరిడగా, కొరియనుడు ఒక్సుసు అనెను; సుసు అనగా జొన్న, ఒక్ అనగా మరకతమువంటి విలువగల పచ్చరాయి. ఇరువురును పాత చుట్టమును జూచి కొత్త అతిథిని గుర్తించిరి. మిరప కథయు ఇట్టిదే. 1614లో యీ సూ-గ్వాంగ్ అను పండితుడు తన గ్రంథమున దానిని జపాను ఆవగా పేర్కొనెను. అది జపాను మొక్కయు కాదు, ఆవయు కాదు. మెక్సికోలో పుట్టిన ఈ రెండు పంటలును కొరియా మన్నులో కుదురుకొన్నవి. మిరప కిమ్చీలోని కెక్కి రాజ్యమేలినది. మొక్కజొన్న మాత్రము గాంగ్వన్ కొండసీమలో వరి పండని రైతుల పేదకూడై మిగిలిపోయినది.

సున్నపు విద్య కొరియాకు రాదగిన సందర్భము ఒకటి కలిగి, తప్పిపోయినది. 1905 ఏప్రిల్‌లో, నేడు ఇంచియోన్ అనబడు రేవునుండి, ఇల్‌ఫోర్డ్ అను ఓడమీద 1,033 మంది కొరియనులు, స్త్రీలును బిడ్డలును సహా, మెక్సికోలోని యుకతాన్‌కు బయలుదేరిరి. నాలుగేండ్ల ఒడంబడిక, కలబందవంటి ముండ్ల ఆకులనుండి నార తీయు ఎనెకెన్ తోటలలో పని. మన జిల్లాలనుండి మారిషసుకును నాటాలుకును ఓడలెక్కినవారి కథ తెలిసినవారికి తక్కినది చెప్పనక్కరలేదు. అన్నమునకు అలవాటుపడిన ఆ నోళ్లకు అచ్చట దినదినమును దొరకినది తోర్తియాయే. ఒడంబడిక తీరి, తిరిగి రాదలచునప్పటికి చేత పైకము లేదు. 1910లో జపాను కొరియాను కలుపుకొనుటతో రాదగిన దేశమును లేదు. 1921లో మూడువందల మంది వరకు క్యూబాకు పోయిరి. తక్కినవారు మెక్సికోలోనే కలిసిపోయిరి. వారి మనుమరాండ్రకు నిష్తమాల్ తెలియును, కొరియా భాష తెలియదు. వారిలో పదిమంది ఆడవారైనను తిరిగివచ్చి గాంగ్వన్ కొండలలో కాపురము పెట్టియుండినచో, ఆ సీమ పేదకూటి చరిత్ర ఎట్లు మారియుండెడిదో యని నేను పలుమారు ఊహించుచుందును.

ఊహించి యూరకుండక ప్రయోగమునకు దిగితిని. మా ఇంటియవ్వ గాంగ్వన్‌లోని జోంగ్‌సన్ వాసిని, ఎనుబదేండ్ల మనిషి. ఆమె పుట్టినింటనుండి మంచి మొక్కజొన్నలు తెప్పించుమని నేను వేడగా ఆశ్చర్యపడినది.

"నాయనా, చేతిలో డబ్బుండగా దానిని వెదకి తినుటేమి? మా చిన్నతనమంతయు అదే తింటిమి. బడిలో అమెరికావారి పిండితో చేసిన రొట్టె మా తమ్మునికి ఇచ్చెడివారు, వాడు ఇప్పటికిని ఆ వాసన తగిలినచో లేచిపోవును," అన్నది.

అయినను తెప్పించినది. తెల్లని, నున్నని గింజలు. ఆహారమున వాడదగిన సున్నము కొని, శాస్త్రోక్తముగా కాచి, నానబెట్టి, తెల్లవారుజామున పొట్టు తీసి రుబ్బితిని. వచ్చినది రొట్టెల ముద్ద కాదు, కాగితములు అంటించు జిగురు. వేళ్లకు పట్టినది వదలదు; పెనమునకు పట్టినది అసలే వదలదు. కారణము పిదప తెలిసినది. గాంగ్వన్ మొక్కజొన్న బంకజాతి. దానిలోని పిండిపదార్థము దాదాపు అంతయు సాగుడుగుణము గలదే. పాలగింజగా ఉడికించి తినుటకు అది అమృతము, తోర్తియాకు పనికిరాదు. అవ్వ ఆ గిన్నెలోనికి తొంగిచూచి, "దీనితో గోడకు కాగితము అంటింపవచ్చును," అని మెచ్చుకొన్నది.

మరుసటి మాసమున మెక్సికోలోని వహాకానుండి పరిశోధనమునకై వచ్చిన విద్యార్థిని యొకతె, మా వీధిలోనే దిగువమేడలో నుండునది, నా కథ విని నవ్వి ఆపలేకపోయినది. ఆమె తరచు వాడునది మసేకా అను సిద్ధపిండి. 1949లో నువేవో లియోన్ రాష్ట్రపు సెరాల్వో పట్టణమున ప్రారంభమైన సంస్థ, నిష్తమాల్‌ను ఎండబెట్టి పొడిచేసి సంచులకెక్కించినది. ఆ సంచులే నేడు ఇతేవన్ అంగళ్లలోను, ఇంటికి పంపు సరకులలోను దొరకుచున్నవి. పాతకాలపు ముసలమ్మలు దీనిని మెచ్చరని ఆమెయే ఒప్పుకొన్నది. మన యిండ్లలో సిద్ధపు పచ్చళ్లను గురించి జరుగు వాదమే అది. ఇటీవల సోల్‌లోని కొందరు యువ వంటవాండ్రు గింజలను తెప్పించి తామే సున్నపునీట కాచుచున్నారనియు, అట్టి చోటికి పోయినచో పలకమీది బొమ్మలను గాక, రొట్టె ఎప్పుడు కాల్చితిరని అడుగవలయుననియు ఆమె నాకు ఉపదేశించినది. ఆ ఉపదేశము నాకు ఎన్నో సాయంకాలములను మిగిల్చినది.

ఒక ఆదివారము ఆమె తన పెనమును, వెంట తెచ్చుకొన్న గ్వాహియో, ఆంచో ఎండుమిరపలను మోసికొని మా పైకప్పునకు వచ్చినది. సన్నని ఆర్బోల్ మిరప అయిపోయినందున, మసీదు వీధిలో కొన్న గుంటూరు మిరపలు నాలుగు నేను పచ్చడిలో దొంగతనముగా వేసితిని, పట్టుబడలేదు. మాంసము మగ్గుచుండగా మొదటి తోర్తియా పెనమెక్కినది. ఒక వైపు, మరియొక వైపు, మరల మొదటి వైపు. ఒక్క క్షణము ఊరకుండి, నడుమ చిన్న బొబ్బవలె లేచి, అంచులదాక నిండుగా పొంగినది. తడిసిన సున్నపుగోడమీద తొలియెండ పడినప్పటి వాసనవంటిది మా మిట్టమీద వ్యాపించినది.

ఆ వాసనకే కాబోలు అవ్వ మెట్లెక్కి వచ్చినది. ఆమె చేతిలో రొట్టె పెట్టి, మాంసమును ఉల్లిని వడ్డించితిమి. ఆమె కొత్తిమీరను రెండువేళ్లతో తీసి జాగ్రత్తగా ప్రక్కన బెట్టినది. పిదప తోర్తియా నాలుగంచులను పైకి కూర్చి, ముడుచుకొన్న మొగ్గవలె చేసి, మొత్తము ఒక్కమారుగా నోటబెట్టుకొన్నది. స్సాంను కొరికి తినుట వారి మర్యాద కాదు.

"అయ్యో అవ్వా, అట్లు కాదు! తల ప్రక్కకు వంచి, కొంచెము కొంచెముగా కొరకవలయును," అని విద్యార్థిని తన పలుకుబడి కొరియనులో మొరపెట్టుకొన్నది.

అవ్వ బుగ్గలు నిండియున్నందున వెంటనే బదులు చెప్పలేదు. నిదానముగా నమిలి, మ్రింగి, పెనమువైపు చూచి, రెండవ రొట్టెకై అరచేయి చాచినది.