వచ్చినవారెందరు? వచ్చినదెన్నిమార్లు?

‘డ్యాష్‌బోర్డు’ అనే మాట గుర్రపుబండినాటిది. గుర్రపు డెక్కలు చిమ్మే బురద బండివానిపై పడకుండ ముందు అమర్చిన పలకకు ఆంగ్లమున ఆ పేరు. తరువాత మోటారుకారులో వేగమును, చమురును చూపే పలకకు అదే పేరు వచ్చినది. నేడు వ్యాపార స్థితిగతులను పటములుగా, అంకెలుగా ఒక్కచోట చూపే కంప్యూటరు తెరకుకూడ అదే పేరు నిలిచినది. బురదను ఆపుటకు పుట్టిన పలక దారి చూపే పలక అయినదన్నమాట. అయితే చూచేవానికి అంకెల అర్థము తెలియకపోతే ఆ పలకయే దారి తప్పించగలదు.

వెబ్‌సైటుకు ఎవరు వచ్చుచున్నారు, ఏ పుటలు చూచుచున్నారు అని చిట్టా వ్రాసే గుమాస్తా వంటిది గూగుల్ అనలిటిక్స్. ఇది 2005లో వెలువడినది. ఆ చిట్టాను పటములుగా తీర్చే సాధనము 2016లో డేటా స్టూడియో అనే పేర వచ్చి, 2022లో లుకర్ స్టూడియో అయినది. ఈ రెంటిని కలుపుట కష్టము కాదు. క్రొత్త నివేదిక తెరచి, కనెక్టర్ల జాబితాలో అనలిటిక్స్‌ను ఎంచుకొని, అనుమతి ఇచ్చి, తన సైటు ఖాతాను చూపితే చాలును. చిక్కంతయు ఆ తరువాతనే.

ఉపాధ్యాయులకు సుపరిచితమైన హాజరుపట్టీనే చూడుడు. తరగతిలో 40 మంది పిల్లలు 5 దినములు తప్పక వచ్చినచో పట్టీలో 200 హాజరులు పడును. అంతమాత్రమున తరగతిలో 200 మంది ఉన్నారని ఏ ప్రధానోపాధ్యాయుడైనను పైఅధికారికి వ్రాయునా? వెబ్‌సైటు లెక్కలో మాత్రము ఇట్టి పొరపాటు సులభముగా జరుగును. వారమునకు వచ్చినవారెందరని అనలిటిక్స్‌నే అడిగినచో, అది ఆ వారమునకు వేరుగా లెక్కించి చెప్పును. అట్లుగాక, రోజువారీ సంఖ్యలను ఒక పట్టికలోనికి దించుకొని, దానిని డ్యాష్‌బోర్డుకు తగిలించి, మొత్తము కూడినచో సోమవారము వచ్చినవాడే మంగళవారము మరియొకడగును. చూచిన పుటలను కూడవచ్చును. మనుష్యులను అట్లు కూడరాదు.

దీనివలన నష్టమేమి? ఆ 200 మందిలో 20 మందే సరుకు కొన్నారనుకొనే దుకాణదారునికి నూటికి 10 మందే కొన్నట్లు తోచును. నిజమునకు వచ్చినది 40 మంది. కొన్నవారు నూటికి 50 మంది. మొదటి లెక్కను నమ్మినవాడు సరుకును నిందించును, ధర తగ్గించును, ఒక్కొక్కప్పుడు పనివానినే తొలగించును. కూడికలో దొరలిన తప్పు ఒకరి జీతముమీదికి వచ్చును.

జాగ్రత్తలు మరికొన్ని కలవు. ఒకే మనిషి ఫోనులో ఒకసారి, కంప్యూటరులో ఒకసారి చూచినచో ఇద్దరుగా లెక్కకు రావచ్చును. ఖాతాలో కాలమానము అమెరికా పశ్చిమతీరమునకు చెందినదైతే, మనకు ఉదయము 10 గంటలైనప్పుడు అక్కడ ఇంకను నిన్నటి రాత్రియే. మన ఆదివారపు రాకలు కొన్ని శనివారము క్రింద పడును. పాత చిట్టాల విషయమును మరువరాదు. యూనివర్సల్ అనలిటిక్స్ అనే వెనుకటి పద్ధతి సామాన్య ఖాతాలకు 2023 జూలై 1న లెక్క వ్రాయుట మానినది. 2024 జూలై నుండి ఆ పాత లెక్కలను చూచు వీలును పోయినది. ముందుగా దాచుకొననివారికి ఏండ్ల చరిత్ర దక్కలేదు.

కావున డ్యాష్‌బోర్డు తయారుచేయువాడు ప్రతి సంఖ్య క్రింద ఒక పంక్తి వ్రాసి ఉంచవలెను: లెక్కించినది మనుష్యులనా, రాకలనా, పుటలనా, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు, ఏ దేశపు కాలమానము ప్రకారము. విద్యార్థులు ఈ పాఠమును కంప్యూటరు లేకయే నేర్వవచ్చును. తమ తరగతి హాజరుపట్టీ తీసికొని, ఒక మాసములో పడిన హాజరులెన్నో, ఒక్కదినమైనను వచ్చిన పిల్లలెందరో విడివిడిగా లెక్కించి, ఆ రెండు సంఖ్యలను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసి చూడవలెను.